వణికే చేతికి ఆసరా ఎవరు?

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: నిర్గమకాండము 17:8-13

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణాలలోనూ, చుట్టుప్రక్కల పల్లెలలోనూ ఉండి ఈ ప్రసంగమును విన్న శ్రోతలారా, ఇప్పుడు దీనిని చదువుచున్న సంఘ విశ్వాసులారా,

ఈ వాక్యభాగము మీకు బాగా తెలిసినదే. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధము జరుగుచున్నది. క్రింద యెహోషువ పోరాడుచుంటే, కొండ మీద మోషే చేతులు ఎత్తి నిలిచాడు. చేతులు పైకి ఉన్నంతసేపు ఇశ్రాయేలీయులది పైచేయి, అవి దిగితే శత్రువులది పైచేయి. కొంతసేపటికి ఆయన చేతులు బరువెక్కాయి. అప్పుడు అహరోను, హూరు ఏమి చేశారు? "నీ విశ్వాసము తగ్గిపోయింది" అని ఆయనను గద్దించలేదు. "నీవు దిగిపో, వేరొకరిని నిలబెడతాము" అని అనలేదు. ఒక రాయి తెచ్చి ఆయనను కూర్చోబెట్టారు. ఒకరు ఈ ప్రక్క, ఒకరు ఆ ప్రక్క నిలిచి, ప్రొద్దు క్రుంకేవరకు ఆ చేతులను పట్టుకొన్నారు.

మోషేకు కలిగినది అలసట. ఈ రోజు నేను మీతో మాట్లాడబోయేది ఒక రోగమును గూర్చి. రెండూ ఒకటి కావు. అయినా చేతులు స్వాధీనము తప్పిన మనిషి ప్రక్కన దేవుని ప్రజలు ఎలా నిలబడాలో ఈ ఇద్దరు మనకు నేర్పుచున్నారు. ఆ రోగము పేరు పార్కిన్సన్స్ వ్యాధి. మన ప్రాంతములో వణుకు రోగము అంటారు, వణుకు వాతము అంటారు. ఆయుర్వేదములో కంపవాతము అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2019లో ప్రపంచములో 85 లక్షల మందికి పైగా ఈ వ్యాధితో ఉన్నారు. అంతకు ముందు 25 సంవత్సరాలలో ఈ సంఖ్య రెట్టింపు అయినదని కూడా ఆ సంస్థ చెప్పినది. ఇంత మంది ఉన్నప్పుడు మీ సంఘములో ఒకరు, మీ వీధిలో ఒకరు ఉండరా? ఉంటారు. కాని మనకు కనబడరు. ఎందుకంటే వారు చేతిని పైపంచె క్రింద, చీర కొంగు క్రింద దాచుకొని ఇంటిలో కూర్చొని ఉన్నారు.

ఈ రోగము ఏమిటి?

1817వ సంవత్సరములో లండనులో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు ఒక చిన్న పుస్తకము వ్రాశాడు. అందులో ఆయన వర్ణించినది ఆరుగురు మనుష్యులను మాత్రమే. ఆశ్చర్యమేమిటంటే, వారిలో కొందరు ఆయన దగ్గరకు వైద్యానికి వచ్చినవారు కారు, వీధిలో నడిచిపోవుచుండగా ఆయన కంటబడినవారు. ముందుకు వంగి, చిన్న చిన్న అడుగులతో, చెయ్యి వణకుచుండగా నడిచే మనిషిని ఎంతో మంది చూసి దాటిపోయారు. ఈయన ఆగి గమనించాడు. తరువాత ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో ఈ రోగమును ఆయన పేరుతో పిలిచాడు. పార్కిన్సన్ పుట్టిన ఏప్రిల్ 11వ తేదీని నేడు ప్రపంచ పార్కిన్సన్స్ దినముగా పాటిస్తున్నారు.

ఈ రోగములో చెడినది చెయ్యి కాదు, కండ కాదు. మెదడు లోపల క్రింది భాగములో నల్లగా కనబడే చిన్న ప్రాంతము ఒకటి ఉన్నది. అక్కడి కణాలు డోపమైన్ అనే పదార్థమును తయారు చేస్తాయి. మన కదలికలు సాఫీగా సాగాలంటే అది ఉండాలి. ధర్మవరములో మగ్గము నేసే సహోదరులారా, మీరు నేసేటప్పుడు ప్రతి పోగునూ తలచుకొని చెయ్యి కదపరు కదా. చెయ్యి దానంతట అదే పోతుంది, కాలు దానంతట అదే తొక్కుతుంది. ఆ అలవాటైన కదలికను నడిపించేది ఈ డోపమైనే. ఆ కణాలు ఒక్కొక్కటిగా నశించిపోతే డోపమైన్ తగ్గిపోతుంది. అప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడము కూడా ఆలోచించి చేయవలసిన పని అవుతుంది. బయటికి గురుతులు కనబడే వేళకు ఆ కణాలలో సుమారు సగమో, అంతకంటే ఎక్కువో నశించి ఉంటాయి. అందుకే ఈ రోగము దొంగవలె మెల్లగా వస్తుంది.

ఎక్కువగా 60 సంవత్సరాలు దాటినవారికి వస్తుంది. స్త్రీల కంటే పురుషులలో కొంచెము ఎక్కువ. అయితే చిన్న వయస్సులోనూ రావచ్చు. అమెరికా నటుడు మైకేల్ జె. ఫాక్స్‌కు 1991లో ఈ రోగమున్నదని తెలిసినప్పుడు ఆయన వయస్సు 29 సంవత్సరాలే. ఎందుకు వస్తుందో చాలామంది విషయములో ఖచ్చితముగా చెప్పలేము. కొన్ని కుటుంబాలలో జన్యువుల పాత్ర ఉన్నది. పారాక్వాట్ వంటి పురుగు మందులు, కలుపు మందులు ఏళ్ళ తరబడి తగిలినవారికి ముప్పు ఎక్కువని అనేక పరిశోధనలు చూపుచున్నాయి. వేరుశనగ, టమాటా, మల్బరీ తోటలలో మందు కొట్టే సహోదరులారా, ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా డబ్బా వీపుకు ఎత్తుకోవద్దు. పని ముగిసిన వెంటనే స్నానము చేసి బట్టలు మార్చుకోండి.

ఏ గురుతులు చూడాలి?

మొదటిది వణుకు. ఈ రోగములోని వణుకుకు ఒక ప్రత్యేకత ఉన్నది. చెయ్యి ఊరకే ఒడిలో పెట్టుకొని కూర్చున్నప్పుడు అదురుతుంది, ఏదైనా పట్టుకోబోతే తగ్గుతుంది. బొటనవ్రేలు, చూపుడు వ్రేలు కలిసి మాత్ర నలుపుచున్నట్లు కదులుతాయి. సాధారణముగా ఒక వైపున మొదలై, కొంత కాలానికి రెండవ వైపుకు వస్తుంది.

రెండవది నెమ్మదితనము. ఇదే అసలైన గురుతు. వణుకు లేకుండా కూడా ఈ రోగము ఉండవచ్చునని చాలామందికి తెలియదు. అవ్వ సంగటి కెలికేటప్పుడు చెయ్యి తిరగడము లేదంటుంది. తాత పాలు పిండుటకు ముందుకంటే రెండింతల సమయము తీసుకొంటున్నాడు. బ్యాంకులో సంతకము చిన్నదై చిన్నదై చివరికి చీమల బారువలె అయిపోతుంది. "సంతకము కలవడము లేదు" అని గుమాస్తా వెనక్కు పంపుతాడు. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగదు. చెప్పు కాలి నుండి జారిపోయినా తెలియదు.

మూడవది బిగుసుకుపోవడము. భుజము పట్టేసిందని, నడుము పట్టేసిందని సంవత్సరాల తరబడి నూనెలు రాస్తారు. నాలుగవది నిలకడ తప్పడము, తూలి పడిపోవడము. ఇది సాధారణముగా ఆలస్యముగా వస్తుంది.

ఇవి గాక ముఖములో భావము తగ్గిపోతుంది. నవ్వాలని ఉన్నా ముఖము నవ్వదు. చూచేవారు "ఈయనకు కోపము, గర్వము" అనుకొంటారు. గొంతు సన్నగిల్లుతుంది. చివరగా, వణుకు రాకముందే ఎన్నో ఏళ్ళ క్రితము మొదలయ్యే గురుతులు కొన్ని ఉన్నాయి. వాసన తెలియకపోవడము, తీరని మలబద్ధకము, నిద్రలో కలలకు తగినట్లు కేకలు వేసి కాళ్ళు చేతులు ఆడించడము, కారణము లేని దిగులు. ఇవి ఉన్నంత మాత్రాన పార్కిన్సన్స్ అని భయపడనక్కరలేదు. కాని ఇవన్నీ కలిసి కనబడుచుంటే డాక్టరుకు చెప్పాలి.

తొందరపడి పేరు పెట్టవద్దు

వణికే చెయ్యి అంతా పార్కిన్సన్స్ కాదు. కాఫీ లోటా ఎత్తినప్పుడు, వ్రాసేటప్పుడు మాత్రమే వణకుచూ ఊరకున్నప్పుడు నిలకడగా ఉంటే అది వేరొక రకపు వణుకు కావచ్చు. అది కుటుంబాలలో తరతరాలుగా రావడము కూడా ఉన్నది. థైరాయిడ్ ఎక్కువైనా చేతులు వణకుతాయి.

మందుల వలన కూడా ఈ గురుతులు వస్తాయి. దీనిని ముఖ్యముగా గమనించండి. తల తిరుగుడుకు వాడే సినరిజైన్, పార్శ్వపు నొప్పికి వాడే ఫ్లునరిజైన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకు ఇచ్చే కొన్ని మందులు దీర్ఘకాలము వాడితే అచ్చము పార్కిన్సన్స్ వలెనే చేతులు వణకుతాయి, నడక నెమ్మదిస్తుంది. ఒకసారి వ్రాసిచ్చిన చీటీని మందుల షాపులో చూపించి నెలల తరబడి అవే మాత్రలు కొనుక్కొని మ్రింగే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు మీరు వాడే మందులన్నీ, అట్టలతో సహా, ఒక సంచిలో వేసుకొని వెళ్ళండి. డాక్టరు మాన్పించిన మీదట కొన్ని వారాలలో, నెలలలో తగ్గిపోయే వణుకు కూడా ఉన్నది.

సువార్తికుడైన బిల్లీ గ్రాహము గారిని మీలో చాలామంది ఎరుగుదురు. 1990వ దశకములో ఆయనకు పార్కిన్సన్స్ ఉన్నదని చెప్పారు. లోకమంతా చాలా కాలము అలాగే అనుకొన్నది. తరువాత వైద్యులు పరీక్షించి, మెదడులో నీరు చేరడము వలన ఆ గురుతులు వచ్చాయని తేల్చారు. ఆ రోగానికి వైద్యము వేరు. అంత గొప్ప వైద్యులున్న దేశములోనే పేరు మారినప్పుడు, మనము ఇంటి అరుగు మీద కూర్చొని పేరు పెట్టవచ్చునా?

ఈ రోగమును నిర్ధారణ చేసే రక్తపరీక్ష ఇంకను సాధారణ వాడుకలోకి రాలేదు. నరాల వైద్యుడు నడిపించి, చేతులు ఆడించి, కీళ్ళు వంచి చూసి చెప్పాలి. స్కానింగు ఎక్కువగా వేరే రోగములు లేవని చూచుటకే.

ఇది ఎవరి పాపము?

ప్రియులారా, యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న మన నోట ఇప్పటికీ పోలేదు. వీడు పాపము చేశాడా, వీని తల్లిదండ్రులు చేశారా అని వారు అడిగారు. ప్రభువు ఆ రెండింటినీ ఒప్పుకొనలేదు. ఆ ప్రశ్నతో మనము ఇంకను వణికే మనిషిని పొడుచుచున్నాము. "చిన్నప్పుడు త్రాగాడేమో" అంటారు ఒకరు. "ఎవరో చేతబడి చేశారు" అంటారు ఇంకొకరు. "ఒప్పుకోని పాపము ఏదో ఉంది" అని సంఘములోనే అనేవారు ఉన్నారు. ఇది అంటురోగమని పిల్లలను దగ్గరకు పోనీయనివారు ఉన్నారు. సహోదరులారా, పార్కిన్సన్స్ అంటదు. త్రాగుడు వలన వచ్చేది కాదు. శాపము కాదు, దయ్యము కాదు. మెదడులో కొన్ని కణాలు నశించడము వలన వచ్చే వ్యాధి.

"ముసలితనములో ఇది మామూలే" అనే మాట కూడా అంతే హాని చేస్తుంది. ప్రసంగి 12వ అధ్యాయములో వృద్ధాప్యమును వణకుచున్న ఇంటి కావలివారితో పోల్చాడు, నిజమే. అయితే ఆ వాక్యము వైద్యము వద్దని చెప్పుటకు వ్రాయబడలేదు. వయస్సు వలన వచ్చినదని వదిలేసిన వణుకులో మందుతో తేలికపడగలిగిన బాధ ఎంత ఉన్నదో ఎవరికి తెలుసు?

ప్రార్థనా? మందా?

ఈ ప్రశ్నకు యెషయా 38వ అధ్యాయములో జవాబు ఉన్నది. హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. అదే అధ్యాయములో ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థన విన్న దేవుడే మందు కట్టించాడు. పౌలు కడుపు జబ్బుతో ఉన్న తిమోతికి ప్రార్థనతో పాటు వైద్య సలహా కూడా ఇచ్చాడు. ఆయన ప్రక్కనే ఉన్న లూకా వైద్యుడు. యాకోబు పత్రిక చెప్పినట్లు సంఘ పెద్దలు వచ్చి నూనె రాచి ప్రార్థన చేయవలసిందే. ప్రార్థన చేసి, ఆ పెద్దలే రోగిని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి.

ఈ మందు కథలో మన దేశానికి కూడా పాలు ఉన్నది. మన చేల గట్ల మీద పెరిగి, తాకితే దురద పుట్టించే దూలగొండి తీగె మీకు తెలుసు. దాని గింజలలో లీవోడోపా అనే పదార్థము ఉన్నదని 1937లో భారత శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపించారు. 1950వ దశకము చివరిలో స్వీడను దేశపు ఆర్విడ్ కార్ల్‌సన్ మెదడులో డోపమైన్ పనిని కనుగొన్నాడు. ఆయనకు 2000వ సంవత్సరములో నోబెల్ బహుమానము వచ్చినది. 1960వ దశకములో లీవోడోపాను రోగులకు ఇచ్చి చూడగా, మంచము పట్టినవారు లేచి నడిచారు. ఈనాటికీ ముఖ్యమైన మందు ఇదే.

డోపమైన్‌నే మ్రింగిస్తే మెదడులోకి పోదు. లీవోడోపా పోతుంది, అక్కడ డోపమైన్‌గా మారుతుంది. చెరువు నుండి వదిలిన నీరు కాలువ పొడవునా ఇంకిపోతే చివరి మడికి ఏమి చేరుతుంది? అలాగే లీవోడోపా దారిలోనే శరీరములో ఖర్చు కాకుండా కార్బిడోపా అనే రెండవ మందును అదే మాత్రలో కలుపుతారు. ఈ మాత్ర రోగమును పూర్తిగా పోగొట్టదు, కాని ఎన్నో సంవత్సరాలు మనిషిని పనిలో నిలబెడుతుంది.

వాడేటప్పుడు నాలుగు సంగతులు జ్ఞాపకముంచుకోండి. ఒకటి, వేళ తప్పకూడదు. రెండు, డాక్టరు వేరుగా చెప్పితే తప్ప భోజనానికి అరగంట, గంట ముందు వేసుకొంటే మంచిది. మాంసము, గుడ్లు, పప్పు, పాలతో కలిసి పోతే కొందరిలో మందు సరిగా పట్టదు. మూడు, అకస్మాత్తుగా మానకూడదు. ఉపవాస ప్రార్థనల రోజులలో మాత్ర మానేవారు ఉన్నారు, అది ప్రాణానికే అపాయము కావచ్చు. స్వస్థత కూడికలో చేతులుంచి ప్రార్థించిన తరువాత "ఇక మాత్రలు పారవేయి" అని ఎవరూ చెప్పకూడదు, ఎవరూ వినకూడదు. నాలుగు, దూలగొండి గింజల పొడిని సొంతముగా కొని తినకూడదు. అందులో మందు ఎంత ఉన్నదో కొలత తెలియదు, మాత్రలతో కలిస్తే మోతాదు మించుతుంది.

ఇంకొక సంగతి. ఈ మందుల వలన గాని, రోగము ముదిరినందువలన గాని, కొందరికి లేని మనుష్యులు కనబడతారు. "ఆ మూలలో పిల్లలు కూర్చున్నారు" అంటారు. వెంటనే ఇంటివారు దయ్యము పట్టినదని భూతవైద్యుని కొరకు పరుగెత్తుతారు. అటు పోవద్దు, డాక్టరుకు చెప్పండి. మోతాదు మార్చితే చాలామందికి తగ్గుతుంది. చెయ్యి, కాలు తమంతట తామే మెలికలు తిరగడము, చీట్లపేక వంటి వ్యసనము కొత్తగా పట్టుకోవడము కూడా కొన్ని మందుల ప్రభావమే కావచ్చు. సిగ్గుపడక చెప్పండి.

ఎక్కడికి వెళ్ళాలి? మొదట దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుకు చూపించి, నరాల నిపుణునికి చీటీ వ్రాయించుకోండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నరాల వైద్య విభాగము ఉన్నది. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మూడూ బెంగుళూరుకు పోయే ఒకే రైలు మార్గము మీద ఉన్నాయి. హిందూపురము నుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. అక్కడ హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ నరాల వ్యాధులకు దేశములో పేరుపొందిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. వేలూరులో ఐడా స్కడ్డర్ అమ్మగారు స్థాపించిన క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో 1949లోనే డాక్టరు జేకబ్ చాందీ గారు నరాల విభాగమును ప్రారంభించారు. మందులు చాలని కొందరికి మెదడులో సన్నని తీగెలు అమర్చే శస్త్రచికిత్స కూడా ఉన్నది. అది అందరికీ కాదు, నిపుణులు నిర్ణయించాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో పేర్కొన్న 21 రకాల వైకల్యాలలో పార్కిన్సన్స్ పేరు ఉన్నది. రోగము ముదిరినవారు సదరం శిబిరములో పరీక్ష చేయించుకొని ధ్రువపత్రము కొరకు అడగవచ్చును. 40 శాతము, ఆ పైన వైకల్యము ఉన్నదని తేలితే ప్రభుత్వ సహాయములకు దారి ఏర్పడుతుంది.

ఇంటిలో ఆసరా

మాత్ర ఒక చెయ్యి అయితే వ్యాయామము రెండవ చెయ్యి. ప్రతి దినము నడక, చేతులు చాపడము, వంగి లేవడము మానకూడదు. నడుస్తూ నడుస్తూ గడప దగ్గరకు రాగానే కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్లు కొందరు ఆగిపోతారు. అప్పుడు చెయ్యి పట్టి లాగితే పడిపోతారు. ఆగి, ఊపిరి తీసుకోనిచ్చి, "ఒకటి, రెండు" అని లెక్కపెట్టండి. నేల మీద అడుగుకొక అడ్డగీత గీస్తే, ఆ గీత దాటబోయి కాలు కదులుతుంది. తాళము వేసి పాట పాడితే ఆ తాళానికి అడుగు పడుతుంది. ఇది వైద్యులు కూడా వాడే పద్ధతి. మన ఇండ్లలో పాటలకు కొదువ లేదు. కుటుంబ ప్రార్థనలో చప్పట్లు కొట్టి పాడే పాట నాయనగారి కాళ్ళకు మందు కూడా కాగలదు.

సంగటి ముద్ద నమలకుండా మ్రింగడము మన అలవాటు. మ్రింగుట కష్టమైనవారికి అది గొంతులో పడితే అపాయము. చిన్న చిన్న ముద్దలు, నిటారుగా కూర్చోబెట్టి, తొందర లేకుండా పెట్టండి. ఆకుకూరలు, పండ్లు, నీళ్ళు మలబద్ధకమును తగ్గిస్తాయి. స్నానాల గదిలో పట్టుకొనుటకు ఒక కడ్డీ, రాత్రి ఒక చిన్న దీపము, జారని చెప్పులు ఏర్పాటు చేయండి.

మోషే కొరకు ఇద్దరు నిలబడ్డారని గమనించండి. ఒక్కరే అయితే ప్రొద్దు క్రుంకేవరకు నిలువలేరు. మన ఇండ్లలో మాత్రము భారమంతా ఒక భార్య మీదనో, ఒక కోడలి మీదనో పడుచున్నది. ఆమెకు నిద్ర లేదు, ఆదివారము ఆరాధన లేదు. ఆ చెల్లెలి దగ్గరకు వెళ్ళి "అమ్మా, ఈ పూట నేను చూచుకొంటాను, నీవు గుడికి వెళ్ళి రా" అని చెప్పే రెండవ మనిషి ఎవరు?

సంఘములో ఆసరా

ఇక సంఘము సంగతి. ప్రభురాత్రి భోజనపు ఆదివారమున గిన్నె వరుసలో వస్తుంది. వణికే చేతితో అందుకొంటే ద్రాక్షారసము తెల్లబట్టల మీద ఒలుకుతుంది, అందరూ చూస్తారు. ఒకసారి అలా జరిగిన మనిషి రెండవసారి బల్ల దగ్గరకు రాడు. మూడవ నెలకు గుడికే రాడు. "చల్లారిపోయాడు" అని మనము వ్రాసుకొంటాము. ఆయన చల్లారలేదు, సిగ్గుపడ్డాడు. కాపరులారా, పెద్దలారా, గిన్నె సగమే నింపి, ఆయన కూర్చున్న చోటికి తీసుకొనివెళ్ళి, చెయ్యి క్రింద మీ చెయ్యి పెట్టండి. అంత చిన్న పని ఒక మనిషిని బల్ల దగ్గర నిలుపుతుంది.

చాప మీద కూర్చొని లేవలేనివారికి గోడ ప్రక్కన, చేతులున్న కుర్చీ వేయండి. అహరోను తెచ్చిన రాయి అదే. అందరూ లేచి నిలబడినప్పుడు కూర్చొని ఉన్నవారిని చూచి కనుబొమలు ఎగరవేయకండి. సాక్ష్యము చెప్పే వేళ గొంతు సన్నగిల్లిన సహోదరునికి మైకు దగ్గరగా పెట్టి, మాట పూర్తయ్యేవరకు ఓర్చుకోండి. ముఖము నవ్వకపోయినా హృదయము వినుచున్నదని ఎరిగి పలుకరించండి. దర్శించుటకు వెళ్ళేటప్పుడు మాత్ర పనిచేసే వేళ ఏదో ఇంటివారిని అడిగి వెళ్ళండి. బెంగుళూరు ప్రయాణానికి తోడుగా ఒక యౌవనస్థుని పంపండి. చీటీ వరుసలో నిలబడుటకు, ఇంగ్లీషు, కన్నడ మాటలు తెలుగులో చెప్పుటకు అతడు ఉపయోగపడతాడు. ఏప్రిల్ 11కు దగ్గరి ఆదివారమున సంఘములో ఒక వైద్యుని పిలిచి పావు గంట ఈ వ్యాధిని గూర్చి మాట్లాడించండి. స్త్రీల కూడికలోనూ, యౌవనస్థుల కూడికలోనూ ఈ గురుతులను చదివి వినిపించండి.

రోగముతో ఉన్న నా ప్రియ సహోదరుడా, సహోదరీ, నీతో ఒక మాట. నీ చెయ్యి వణకుచున్నందున నీ ప్రార్థన వణకదు. మోషే చేతులు బరువెక్కిన దినమున దేవుడు ఆయనను కొండ దిగిపొమ్మనలేదు. నీ చేతిని దాచుకోవద్దు. ఈ వారమే డాక్టరుకు చూపించు. వచ్చే ఆదివారము సంఘానికి రా.

ప్రార్థన చేద్దాము. ప్రేమగల తండ్రీ, మా మధ్య వణికే చేతులతో, బిగిసిన కాళ్ళతో బ్రదుకుచున్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసుకొనుము. వారిని చూచి దాటిపోయిన మా కన్నులు తెరువుము. వైద్యులకు జ్ఞానమును, ఇంటివారికి ఓర్పును, సంఘమునకు అహరోను, హూరుల మనస్సును దయచేయుము. రోగమునకు పూర్తి స్వస్థత కొరకు వెదకుచున్న పరిశోధకుల పనిని ఆశీర్వదించుము. ప్రొద్దు క్రుంకేవరకు ఒకరి చేతిని ఒకరము పట్టుకొని నిలుచుటకు మాకు కృప ననుగ్రహించుమని యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.